ఎడమ మూలలో గుర్తు

నా ర్యాంకు చెప్తే చాలామంది ఫోన్ నంబరనుకుని రాసుకోబోతారు. పదకొండేళ్ళుగా టెన్నిస్ ఆడి బతుకుతున్నాను. బతుకుతున్నాను అనడం కొంచెం పెద్ద మాటే. టీవీలో కనిపించే టెన్నిస్ వేరు, మాది వేరు. మా దగ్గర బంతులు అందించేవాళ్ళు ఉండరు, ఎవరి బంతి వాళ్ళే ఏరుకోవాలి. ప్రేక్షకులంటే ఎదుటి అమ్మాయి వాళ్ళమ్మ, మా అన్నయ్య, కంచె అవతల కుక్కని తిప్పుకునే ఒకాయన. ఆయన కూడా కుక్క ఆగితేనే ఆగుతాడు.

మెయిన్ డ్రాలోకి, అంటే అసలు పోటీలోకి, వెళ్ళడానికి ముందు ఆడే క్వాలిఫైయింగ్ మ్యాచ్‌లకైతే అంపైరు కూడా ఉండడు. నాలుగు కోర్టులకీ కలిపి ఒక్క సూపర్‌వైజరు గొడుగు కింద కూర్చుంటాడు, గొడవొస్తే పిలవాలి. బంతి లోపల పడిందో బయట పడిందో ఎవరి వైపు పడితే వాళ్ళే చెప్పాలి. మట్టి కోర్టు మీద ఇదంత కష్టం కాదు. బంతి పడ్డచోట గుడ్డు ఆకారంలో గుర్తు పడుతుంది. ఎదుటి మనిషికి అనుమానమొస్తే ఇవతలికి వచ్చి చూసుకోవచ్చు. నియమం ఒక్కటే. వాళ్ళు చూసేలోపు ఆ గుర్తు చెరపకూడదు. చెరిపితే పాయింటు వాళ్ళది. కావాలని చెరిపినా, కాలు తగిలి చెరిగినా అంతే. ఇది మాకు రాకెట్ సరిగ్గా పట్టుకోవడం రాకముందే నేర్పుతారు.

ఐదేళ్ళ క్రితం ఒక ఊళ్ళో క్వాలిఫైయింగ్ ఆఖరి మ్యాచ్‌లో నేను చేసిన పని ముందు చెప్పాలి. ఎదుటి అమ్మాయిది పొడుగు జడ. ఆ పొద్దున బట్టలు మార్చుకునే గదిలో ఆమె ఎవరితోనో ఫోన్‌లో అంటుంటే విన్నాను, ఇవాళ కూడా ఓడిపోతే ఇంక మానేస్తానని. రెండు గంటల తర్వాత నాకు మ్యాచ్ పాయింటు వచ్చింది, ఆ ఒక్కటీ గెలిస్తే మ్యాచ్ నాది. ఆమె కొట్టిన బంతి నా ఎడమ మూలలో, వెనక గీత మీద పడింది. గుర్తులో సగం గీత మీదే ఉంది. నేను వేలెత్తి "అవుట్" అన్నాను.

అలిసిపోయాను, గెలవాలనిపించింది, నోరు అనేసింది. ఆమె చూడ్డానికి వచ్చేలోపు ఆ గుర్తు మీద నా బూటు పెట్టి నిలబడ్డాను. గీతకి జానెడు అవతల పాత బంతిది ఇంకో గుర్తుంటే దాన్ని చూపించి, "ఇదిగో" అన్నాను. ఆమె ఆ గుర్తు చూసింది. నా బూటు వైపు కూడా చూసింది. చెయ్యి కలిపి వెళ్ళిపోయింది.

కంచె దగ్గర వాళ్ళమ్మ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను బ్యాగు తగిలించుకుని పక్కనుంచి వెళ్తుంటే, కోపం లేకుండా, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా, "నేను చూశానమ్మా" అంది.

"థాంక్సండీ" అన్నాను. నా ఆట చూసి మెచ్చుకుందన్నట్టు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. మర్నాడు మెయిన్ డ్రాలో నలభై నిమిషాల్లో చిత్తుగా ఓడిపోయాను. ఆ జడమ్మాయి పేరు మళ్ళీ ఏ జాబితాలోనూ కనిపించలేదు.

గుర్తు మొదటిసారి కనిపించింది మూడు నెలల క్రితం. మొదటి గేమ్ ఆడుతున్నాం, ఆ మూలకి ఇంకా ఒక్క బంతి కూడా రాలేదు. ఎడమ మూలలో సగం గీత మీద, సగం బయట, గుడ్డు ఆకారంలో ఉంది. సరిగ్గా ఊడవలేదనుకున్నాను. ఆ గేమ్ అయ్యాక అటువైపు మారాం. అటు పక్కా ఉంది. నేను ఏ వైపుంటే ఆ వైపు ఉంది. తర్వాతి వారం ఇంకో ఊరు, ఇంకో కోర్టు, అదే మూల.

ఆ ఊళ్ళో కోర్టు చూసుకునే పెద్దాయన్ని పిలిచి చూపించాను. ఆయన చేతిలో మట్టి చదును చెయ్యడానికి ఈడ్చే వల అలాగే ఉంది. వంగి చూసి, బొటనవేలితో తాకాడు.

"ఇప్పుడే కదమ్మా ఈడ్చాను," అన్నాడు. "మీరింకా బంతి కూడా వెయ్యలేదు."

"మరిదెక్కడిదండీ?"

"నాకేం తెలుస్తుంది. బంతులు కొట్టేది మీరు." మళ్ళీ ఒకసారి వల ఈడ్చాడు. మట్టి దువ్వినట్టు చదునైంది. నేను నీళ్ళు తాగి వచ్చేసరికి గుర్తు ఉంది. ఆయన నన్నోసారి, దాన్నోసారి చూసి, వల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు మా కోర్టు వైపు మళ్ళీ రాలేదు.

అప్పట్నుంచీ పాయింటుకీ పాయింటుకీ మధ్య ఆ మూలకి వెళ్ళి కాలితో రుద్దడం మొదలుపెట్టాను. రుద్దితే పోతుంది, రెండు పాయింట్లు ఆగి వస్తుంది. మా ఆటగాళ్ళకి ఇలాంటి పిచ్చి అలవాట్లు సహజం. ఒకమ్మాయి సర్వీసు ముందు ముక్కు పట్టుకుంటుంది, ఒకామె బంతితో మాట్లాడుతుంది. అందుకని నన్నెవరూ వింతగా చూడలేదు, ఒక్క మా అన్నయ్య తప్ప.

అన్నయ్య నాతోపాటే ఊళ్ళు తిరుగుతాడు. కోచ్, వంటవాడు, రాకెట్లకి తీగలు బిగించేవాడు, అన్నీ వాడే. హోటల్ గదిలో టేబుల్ చిన్నదైతే తీగలు బిగించే మిషను మంచం మీద పెట్టి, తను నేల మీద పడుకుంటాడు.

"ఏంటే ఆ తొక్కుడు, బొద్దింకని చంపుతున్నట్టు," అన్నాడోరోజు.

చెప్పాను. జడమ్మాయి సంగతి మాత్రం చెప్పలేదు. వాడు మర్నాడు పొద్దున్నే కోర్టుకొచ్చి గుర్తుని చూశాడు. వాడికీ కనిపించింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే నవ్వాడు.

"టెన్నిస్ కోర్టు మీద బంతి గుర్తు ఉండక ఏనుగు అడుగులుంటాయా? నీకు నిద్ర చాలట్లేదు."

నిద్ర చాలట్లేదన్నది నిజమే. ఒకసారి పగలు బస్సులో కూర్చుని, జడమ్మాయి పాత నంబరు వెతికి పట్టుకుని, 'ఆ రోజు నీ బంతి లోపలే పడింది' అని టైపు చేశాను. చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను. పంపితే ఆ గెలుపు నాది కాకుండా పోతుందని భయమేసింది. నావి అనుకోడానికి నాకున్న గెలుపులే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. చెరిపేశాను.

అలా తిరుగుతూ ఈ ఊరొచ్చాం. ఇక్కడ నాకు చావో రేవో అన్నట్టుంది. మా ఆటలో పాయింట్లు ఏడాది దాకానే నిలుస్తాయి. పోయినేడు ఇదే వారం సంపాదించిన ఆఖరి పాయింట్లు సోమవారం రాలిపోతాయి. క్వాలిఫైయింగ్ ఆఖరి మ్యాచ్ గెలిస్తే ఒకే ఒక్క పాయింటు వస్తుంది, ఆ ఒక్కటీ ఉంటే ర్యాంకుల జాబితాలో ఉంటాను. ఓడితే పేరే ఉండదు. పేరు లేకపోతే వచ్చే టోర్నమెంట్లలో ఎవరూ రానివ్వరు. పదకొండేళ్ళుగా సోమవారం పొద్దున్న లేవగానే ఆ జాబితాలో నా పేరు వెతుక్కుంటున్నాను. ఎంత కిందనున్నా సరే, ఉండేది. అది లేకుండా నేనెవర్నో నాకు తెలియదు.

"ఈ ఒక్కటీ గెలువు. మిగతా వాటికి తర్వాత ఏడుద్దాం," అన్నాడు అన్నయ్య రాకెట్ చేతికిస్తూ.

ఎదుటి అమ్మాయికి పదిహేడేళ్ళు కూడా ఉండవు. జుట్టుకి పసుపు రిబ్బను. మ్యాచ్‌కి ముందు నా దగ్గరికొచ్చి, "అక్కా, కాలివేలికి చుట్టుకోడానికి టేపేమైనా ఉందా?" అని అడిగింది. ఇచ్చాను. చుట్టుకోవడం కూడా సరిగ్గా రాకపోతే నేనే చుట్టాను. మంచి పిల్ల. ముద్దొచ్చింది కూడా.

మొదటి సెట్ ఆరు-నాలుగు నాకు, రెండోది ఆరు-మూడు ఆ పిల్లకి. మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్, రెండు పాయింట్ల తేడాతో ముందు పది దాటినవాళ్ళదే మ్యాచ్. గుర్తు మొదటినుంచీ ఉంది. ఎప్పటిలాగే రుద్దుతూ ఆడుతున్నాను. తొమ్మిది-ఎనిమిది దగ్గర నాకు మ్యాచ్ పాయింటు వచ్చింది.

ఆ పాయింటు చాలాసేపు సాగింది. ఎన్ని దెబ్బలో లెక్క తెలియదు, రిబ్బను పిల్ల మొహం కందిపోయింది. ఆఖరికి గట్టిగా నా ఎడమ మూలకి కొట్టింది. బంతి నా కళ్ళముందే గీతకి జానెడు అవతల పడింది. ఈసారి నిజంగానే బయట పడింది. అన్నయ్య లేచి చప్పట్లు కొట్టాడు. ఆ పిల్లా చూసింది. రాకెట్ కిందికి దించి, చెయ్యి కలపడానికి వల వైపు రెండడుగులు వేసింది కూడా.

నేను వేలెత్తి "అవుట్" అన్నాను. నెత్తిమీద బరువు దిగిపోయింది. వెనక్కి తిరిగితే పాత గుర్తు కనిపించింది, సగం గీత మీద. మూడు నెలల అలవాటు. కాలు దానంతటదే వెళ్ళి దాన్ని రుద్దేసింది.

"అక్కా."

తలెత్తాను. రిబ్బను పిల్ల వల దగ్గర ఆగిపోయింది.

"గుర్తు చెరిపేశారు."

"ఇది పాతదమ్మా. నీ బంతిది అదిగో, అక్కడ," అని చెయ్యి చూపించాను.

అక్కడ ఏమీ లేదు. గీతకి జానెడు అవతల మట్టి దువ్వినట్టు చదునుగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను. అటు మూరెడు, ఇటు మూరెడు. బంతి పడటం నేను చూశాను, చప్పుడు విన్నాను. గుర్తు లేదు.

సూపర్‌వైజరు గొడుగు కిందనుంచి లేచి వచ్చాడు. "చెరిపావా?" అన్నాడు.

"చెరిపానండీ. కానీ అది ఈ బంతిది కాదు."

"మరి ఈ బంతిది ఏది?"

ఆయన మట్టి వైపు చూశాడు, నా బూటు వైపు చూశాడు. ఐదేళ్ళ క్రితం ఇంకొకరు చూసినట్టే చూశాడు. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి, "నువ్వేమంటావు? బంతి బయట పడిందా?" అని అడిగాడు.

ఒక్క క్షణం ఆ పిల్ల నా కళ్ళలోకి చూసింది. తనకి తెలుసు. వల దాకా నడిచొచ్చిన మనిషికి తెలియకపోవడమేంటి. తర్వాత తల దించుకుని, కాలివేలి దగ్గర నేను చుట్టిన టేపు వైపు చూస్తూ, "నాకు సరిగ్గా కనపళ్ళేదండీ. గుర్తు మాత్రం చెరిపారు," అంది.

తొమ్మిది-తొమ్మిది. ఆ తర్వాత రెండు పాయింట్లూ ఎలా పోయాయో గుర్తులేదు. చెయ్యి కలిపినప్పుడు ఆ పిల్ల వేళ్ళు మంచులా ఉన్నాయి.

గదికొచ్చాక అన్నయ్య మిషను విప్పుతూ, "జానెడు బయట పడిందే. జానెడు," అని పదిసార్లన్నాడు. అప్పుడు చెప్పాను జడమ్మాయి సంగతి, మొదట్నుంచీ చివరిదాకా. వాడు మిషను పక్కన పెట్టి మంచం అంచున కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నాకు అప్పుడే చెప్పాల్సింది," అన్నాడు, అంతే. అదే ఎక్కువ తగిలింది.

సోమవారం పొద్దున్న జాబితా చూశాను. లేను. కిందనుంచి పైకి, పైనుంచి కిందకి రెండుసార్లు చూశాను. అరిచి ఏడవాలనిపించింది, కానీ కళ్ళలోంచి నీళ్ళు రాలేదు.

బస్సు మధ్యాహ్నం. అన్నయ్య గది ఖాళీ చేస్తానని, "ఇది పట్టుకో, కాసేపు బయట కూర్చో," అని కాఫీ ఫ్లాస్కు నా చేతికిచ్చాడు. ఎండ తప్పించుకుందామని చెట్టు నీడ వెతుక్కుంటూ వెళ్ళి కోర్టు కంచె పక్కన బెంచీ మీద కూర్చున్నాను. లోపల మెయిన్ డ్రా మొదటి మ్యాచ్. ఆడుతున్నది రిబ్బను పిల్ల. అంపైరు ఎత్తు కుర్చీలో ఉన్నాడు.

అంత దూరం నుంచి కూడా ఆ పిల్ల వైపు ఎడమ మూల నాకు బాగా కనిపిస్తోంది. గీత మీద ఏమీ లేదు. అది నన్ను వదిలి పోయింది. ఒళ్ళంతా తేలికైపోయింది, ఆ తేలిక చూసి నామీద నాకే అసహ్యమేసింది. ఎందుకంటే గీతకి జానెడు అవతల గుడ్డు ఆకారంలో గుర్తొకటుంది. మొన్న నేను మోకాళ్ళ మీద వెతికినచోట.

రిబ్బను పిల్ల పాయింటు అయ్యాక ఆ మూలకి వెళ్ళింది. వంగి చూసింది. కాలితో రుద్దింది. రెండు పాయింట్ల తర్వాత మళ్ళీ వెళ్ళి రుద్దింది.

వైపులు మారేటప్పుడు నన్ను చూసి కంచె దాకా వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"అక్కా, ఇక్కడ కోర్టు సరిగ్గా ఊడవరా?"

చెప్పాల్సిన మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. దాన్ని రుద్దకు, అలవాటైపోతుంది. ఆ సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి ఇప్పుడే నిజం చెప్పెయ్, ఐదేళ్ళు ఆగకు. అన్నీ వరసగా తయారుగా ఉన్నాయి. నోరు తెరిచాను. కోపం లేకుండా, చాలా మామూలుగా, నా గొంతే అంది.

"నేను చూశానమ్మా."

ఆ పిల్ల తువ్వాలు భుజాన వేసుకుని, నవ్వడానికి ప్రయత్నించింది.

"థాంక్సక్కా," అని ఆ మూలకేసి నడిచింది.