వరుసలో చివరి చోటు

యోసినా సైకిల్ మీంచి పడిపోయిన మర్నాడు, దెబ్బ తగిలింది ముర్తినికే అన్నట్టు అందరూ ఆమెనే ఓదార్చారు.

"నీ తప్పేముందే ఇందులో? ఇన్నేళ్లూ చివర తొక్కినదానివి. నీ వెనకాల ఎవరున్నారని చెయ్యి చూపిస్తావు? అలవాటుండద్దూ?" అంది బు కుస్.

బు కుస్మియాతి ఆ గుంపులో పెద్దావిడ, 'బు' అంటే వాళ్ళ భాషలో 'అమ్మ'. బజారులో కషాయాలు అమ్ముతుంది. ఇండోనేషియాలో బంతుల్ పల్లెల నుంచి జోగ్జా నగరానికి పనికి వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్నే ఆమె సైకిల్ వెనక వరుస కడతారు. అది చెరకు లారీలు తిరిగే దారి. ఒంటరి ఆడదాన్ని లారీవాళ్ళు లెక్కచేయరు, వరుసను చూస్తే వేగం తగ్గిస్తారు. దారిలో గుంత కనిపిస్తే బు కుస్ ఎడమ చెయ్యి కిందికి చాపి చూపిస్తుంది. వెనకామె అది చూసి తన వెనకామెకు చూపిస్తుంది. ఆ సైగ అలా చివరిదాకా చేరాలి. ముందు మనిషి వీపు తప్ప దారి కనిపించని వాళ్ళు ఆ చెయ్యిని నమ్ముకునే తొక్కుతారు.

చివరి మనిషికి మాత్రం సైగ చేసే పని లేదు. ఎవరి గొలుసు ఊడినా, ఎవరికి ఆయాసం వచ్చినా వాళ్ళతో ఆగడం ఆమె పని. బు కుస్ వెనక్కి తిరక్కుండానే "అందరూ ఉన్నారా?" అని కేకేస్తే "ఉన్నాం" అని పలకడం ఆమె పని. ఆ పలుకు చాలా ఏళ్ళు ముర్తినిది. భర్త పోయాక రోజు మొత్తంలో ఆమె గొంతెత్తి అనే మాట అదొక్కటే. ఆమె చేసేది బాటిక్ బట్టల మీద ముగ్గులకు మైనం అద్దే పని, అందులో మాట్లాడాల్సిన అవసరం రాదు.

వానాకాలంలో యోసినా వచ్చి చేరింది. ఎక్కడో దూరాన పాపువా దీవి కొండల పిల్ల, నర్సు చదువుతోంది. ఊళ్ళో ఆమె నల్లటి మొహం చూసి గది ఇవ్వని వాళ్ళే ఎక్కువ. బు కుస్ తన చెల్లెలి ఇంట్లో వెనక గది ఇప్పించింది. కొన్ని వారాలు పోయాక ఒక పొద్దున టీ తాగుతూ, "ముర్తినీ, నీ మోకాలు మూలుగుతోంది. చివర ఈ పిల్లని ఉండనీలే" అంది. ముర్తిని నవ్వి తలూపింది. ఆ రోజు నుంచి ముర్తిని ఒక చోటు ముందుకు జరిగింది, "ఉన్నాం" అన్న కేక యోసినాది. "మనకింక హారన్ కొనక్కర్లేదర్రా" అని బేకరీలో పనిచేసే చైనా ఆవిడ లియన్ అంటే వరుసంతా నవ్వేది. తను పలికినన్నాళ్ళూ ఎవరూ నవ్వలేదని ముర్తినికి అప్పుడే తోచింది.

యోసినా పడిన పొద్దున రోడ్డు పక్క కాలవ మూత విరిగి, వాననీటితో నిండి ఉంది. ముర్తినికి ముందున్న లియన్ చెయ్యి కిందికి చాపింది. ముర్తిని వేళ్ళు హ్యాండిల్ మీంచి లేచాయి. మళ్ళీ హ్యాండిల్‌ను పట్టుకున్నాయి. తను పక్కకు తప్పుకుంది. వెనక నీళ్ళు చిందిన చప్పుడు, ఇనుము రోడ్డుకు రాసుకున్న చప్పుడు వినిపించాయి.

ఆ క్షణంలో తన మనసులో ఏముందో ముర్తిని తరవాత చాలాసార్లు వెతికింది. ఒక్క మాటైనా దొరకలేదు. చిన్న తీపి మాత్రం ఉంది, పంటి కింద పంచదార పలుకులాగా. 'అలవాటు లేక' అని బు కుస్ అనగానే ఆ సాకు కొలతలు తీసి కుట్టిన రవికలా ఒంటికి అతికిపోయింది. చాలావరకు నిజం కూడా. నిజం కాని ఆ కాస్తా తనకొక్కదానికే తెలుసనుకుంది.

కానీ సాకు తన దగ్గరే ఆగలేదు. ముర్తిని తప్పు లేదన్నాక ఎవరిదో ఒకరిది కావాలి.

"అయినా ఆ పిల్ల దారి చూసుకోవద్దూ?"

"కొండల్లో పెరిగింది, మన రోడ్ల సంగతేం తెలుసు."

"మణికట్టు విరిగిందట. ఆస్పత్రి శిక్షణ ఈసారికి పోయినట్టే."

"బాగయ్యాక మధ్యలో తొక్కుతుందిలే," అంది బు కుస్. "చివర నువ్వే ఉండు ముర్తినీ."

మర్నాడు "అందరూ ఉన్నారా?" అన్న కేకకు ముర్తిని జవాబిచ్చింది. ముందు ఎవరికీ వినపడలేదేమో, బు కుస్ మళ్ళీ అడిగింది.

ఆదివారం అందరూ కలిసి యోసినాను చూడటానికి వెళ్ళారు. లియన్ బన్నులు తెచ్చింది, మిగతావాళ్ళు కమలాపళ్ళు. చాప మీద ఒకరినొకరు ఒత్తుకుని కూర్చున్నారు.

"కట్టు భలే తెల్లగా ఉందే, మా బన్ను మీద పంచదార పూసినట్టు," అంది లియన్.

"నల్లబన్ను కదా ఆంటీ, బాగా తెలుస్తుంది," అంది యోసినా. అందరూ నవ్వారు, కొంచెం ఆలస్యంగా.

టీ వచ్చిందని పిలిస్తే వాళ్ళు వరండాలోకి వెళ్ళారు. ముర్తిని లేవలేదు. రంజాన్ ఉపవాసాల నెల ముగిసిన పండగనాడు ఇంటింటికీ తిరిగి అందరూ అందరితో అనే మాటలే చేతులు జోడించి అంది.

"తెలిసీ తెలియక నేను చేసిన తప్పులుంటే మన్నించమ్మా."

దానికి జవాబు కూడా అందరికీ వచ్చిందే. నన్నూ మన్నించు అనాలి. అక్కడితో అయిపోవాలి. ముర్తిని దానికోసమే ఎదురుచూసింది.

"ఏ తప్పు అక్కా?" అంది యోసినా.

ముర్తిని పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు.

"మా కొండల్లో ఊరికే మన్నించరక్కా. ఏం చేశావో చెప్పాలి. పందిని కూడా ఇవ్వాలి. పంది మీకు ముట్టకూడనిది కదా, నీకు ఆ బాధ లేదులే."

ముర్తినికి నవ్వు రాలేదు. "లియన్ చెయ్యి చూశాను," అంది. "గుంత చూశాను. నీకు చూపించలేదు."

"తెలుసు."

"అలవాటు లేక అని వాళ్ళంటున్నారు..."

"నీ మోచెయ్యి కదిలిందక్కా. గుంత ఉందేమో అనుకున్నా. మళ్ళీ సర్దుకుంది. ఏం లేదులే అని నేరుగా వచ్చేశా."

చెయ్యి అసలు కదలకపోయి ఉంటే ఆ పిల్ల తనే జాగ్రత్తపడేదేమో అనుకుంది ముర్తిని. తన చెయ్యి వెనక్కి తగ్గడమే ఆమెకు దారి బాగుందని చెప్పింది.

"మరి వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఎవరి మాట నమ్ముతారు?" యోసినా కట్టు అంచును గోటితో గీకుతూ ఉంది. "మంచివాళ్ళే. ఆ మంచి ఎంతదాకా వస్తుందో చూడబుద్ధి కాలేదు. నాకు చెప్పావు, సరే. ఇంక వాళ్ళకి చెప్పు. నాకు సైకిల్ రాదనుకుంటున్నారు."

వరండాలో ఎవరి కోడలి గురించో నవ్వులు నడుస్తున్నాయి. ముర్తిని గడప దగ్గరే నిలబడి చెప్పింది. మొదటి వాక్యానికే బు కుస్ చాల్లే అన్నట్టు చెయ్యి ఊపింది.

"అదే అన్నాం కదే, అలవాటు..."

"అలవాటు కాదు బు. చెయ్యి తియ్యబోయి ఆపేశాను. నా చోటు ఆ పిల్లకిచ్చారని."

ఒకామె, "ఇప్పుడెందుకే ఇదంతా" అని గొణిగింది. ఇలాంటివి పైకి అనకుండా పదేళ్ళయినా పక్కపక్కన బతకగల మనుషులు వాళ్ళు.

"కడుపులో ఇంత పెట్టుకుని రోజూ నా వెనకాలే తొక్కావా?" అంది లియన్. తొక్క వలిచిన కమలాపండును తినకుండా పళ్ళెంలో పెట్టేసింది.

బు కుస్ లేచింది. ముర్తిని పక్కనుంచే, ఆమెను తాకకుండా, గదిలోకి తల పెట్టి చూసింది.

"చెయ్యి నయం కానీ పిల్లా. చివర నువ్వే."

"సరే బు," అంది లోపలి గొంతు.

"పదండర్రా, ఎండెక్కుతోంది."

గేటు బయట ఒక్కొక్కరూ సైకిలెక్కారు. ఏ చోటుకు వెళ్ళాలో తెలియక ముర్తిని ఆగిపోయింది. అందరూ వెళ్ళాక వెళదామనుకుంది. అలా ఆగితే చివరి చోటే తనకు మిగులుతుందని అప్పుడు అర్థమైంది. బు కుస్ కూడా కదలలేదు.

"నడు," అంది.

"మీరు ముందుండాలి కదా బు."

"లియన్ పోతోందిగా ముందు. నీ వెనక నేనొస్తా."

ఆ మొహంలో కోపం కోసం వెతికింది ముర్తిని, జాలి కోసం వెతికింది. ఎండకు చిట్లించిన కళ్ళు మాత్రమే కనిపించాయి. సైకిలెక్కింది. పల్లె దాకా బు కుస్ బరువైన పాత సైకిల్ చప్పుడు, దగ్గరికీ రాకుండా, దూరమూ కాకుండా వీపు వెనకే వినిపిస్తూ ఉంది.