కిందికి బాణం

“ఇదిగో, నాలుగో పేజీలో బాణాలు సరిచూశావా?” అన్నాడు మా ఆయన, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో నేను “ఇదిగో”నే. ఆయన రాసే సంగీతానికి మామూలు స్వరాలు ఆనవు. పియానో మీద పక్కపక్క మెట్ల సందులో ఎక్కడో ఉండేవి కావాలి. పైకి బాణం గీస్తే వెంట్రుకవాసి ఎక్కువ, కిందికి గీస్తే వెంట్రుకవాసి తక్కువ. ఆయన కోడిగీతల్ని వాయించే నలుగురికీ నాలుగు ప్రతులుగా దించేది నేను. కూర మాడినా సర్దుకుంటాడుగానీ బాణం తిరగబడితే ఇల్లు పీకి పందిరేస్తాడు. పెళ్లికి ముందు పాడేదాన్ని. “నీ శ్రుతి ఎప్పుడూ కాస్త కిందే ఉంటుందేంటి?” అన్నాడు కొత్తలో, నవ్వుతూనే. ఆ నవ్వుకే నోరు మూసుకున్నాను. వయొలిన్ కంటే కాస్త పెద్దది, మంద్రంగా పలుకుతుంది, వయోలా నేర్చుకో, నలుగురిలో కలిసిపోతావు అన్నాడు. నేర్చుకున్నాను.

ఆ మధ్యాహ్నం ముందుగదిలో సాధన. ఆయనా, మా ఆడపడుచూ వయొలిన్లు, ఆయనకి సంగీతం నేర్పిన మాస్టారు నేలకి ఆనించి వాయించే పెద్ద చెల్లో. నాలుగో పేజీలో వయొలిన్లు రెండే పైస్థాయిలో ఒరుసుకుంటూ సాగుతాయి. అక్కడ నాకు ఖాళీ, వయోలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు గదిలో ఇంకో గొంతు మొదలైంది. నోరు మూసుకుని ఎవరో ఆడమనిషి కూనిరాగం తీస్తున్నట్టు, సన్నగా, గోడలోంచి.

“ఎవరది?” ఆయన కమాను ఎత్తాడు. గొంతు ఆగింది. మళ్లీ వాయించారు, మళ్లీ వచ్చింది.

“వదినా, నువ్వేనా?” అంది ఆడపడుచు. నేను పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాను.

“రెండు పైస్వరాలు ఒక తీరుగా కుదిరితే చెవిలో మూడోది పుడుతుందమ్మా,” అన్నారు మాస్టారు. “దాన్ని ఎవరూ వాయించరు. వినపడుతుంది, అంతే.”

మాస్టారి మాట నిజమే కావచ్చు. కానీ ఆ గొంతు నాకు తెలుసు. పెళ్లికి ముందు నా గొంతు అది.

మా ఆయన తన చెల్లెలి ముందున్న కాగితం లాక్కుని చూశాడు. “నేను పైకి గీస్తే నువ్వు కిందికి దించావు. కళ్లు నెత్తికెక్కాయా?” అని నామీద అరిచి, ఒక్క క్షణం ఆలోచించి, “సర్లే, ఉండనీ. బాగుంది. నా కొత్త ప్రయోగమని కచేరీ కరపత్రంలో వేయిద్దాం. ముందు టీ పెట్టు,” అన్నాడు. తిట్టయితే నాకు, నచ్చితే తనకి.

వాళ్లు వరండాలోకి వెళ్లారు. నేను వంటింట్లోకి వెళ్లలేదు. రబ్బరు తీసి ఆ బాణం చెరిపేశాను, ఆయన రాసినట్టే పైకి గీశాను. ఆయనది ఆయనకి అప్పజెప్పాను. వయొలిన్లు పెట్టెల్లో ఉన్నాయి. అయినా గదిలో కూనిరాగం మొదలైంది. గోడకి చెవి ఆనించాను, అక్కడ లేదు. మెడ మీద చెయ్యి వేసుకున్నాను. గొంతు అదురుతోంది.

“ఇదిగో, ఎవరు వాయిస్తున్నారక్కడ?” వరండాలోంచి ఆయన కేక.

“ఎవరూ వాయించట్లేదు,” అన్నాను. “నేను పాడుతున్నాను.”