సున్నా మడి

పద్మనాభం ఊరు దాటాక వీర్రాజు గారి పొలంలో నావి ముప్ఫయ్యారు చెరకు మడులు ఉండేవి. మూడు రకాల చెరకు, ఒక్కో రకానికి నాలుగు మోతాదుల నత్రజని, మళ్ళీ అదంతా మూడుసార్లు. నాలుగు మోతాదుల్లో ఒకటి సున్నా. అంటే ఆ మడికి ముచ్చె, అదే విత్తనపు చెరకు ముక్క, నాటిన దగ్గర్నుంచి గెడ నరికేదాకా ఒక్క గింజ యూరియా పడకూడదు. పస్తు పెట్టి చూడాలి. తిన్న చెరకుకీ తినని చెరకుకీ తేడా ఎంత, ఏ రకం ఆకలికి బాగా ఓర్చుకుంటుంది అని తేల్చడమే నా అయిదేళ్ళ చదువు.

అయిదేళ్ళని గొప్పగా చెప్పుకుంటున్నాను కానీ, అందులో రెండేళ్ళు గాలికి పోయాయి. మొదటిసారి వేసిన తోటని తుపాను పడుకోబెట్టేసింది. యూనివర్సిటీవాళ్ళు ఒకసారి గడువు పెంచారు. ఇంకోసారి పెంచుతూ, ఇదే ఆఖరని కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. ఈ పంట లెక్కలు ఫిబ్రవరిలోగా అప్పజెప్పకపోతే నా పేరు కొట్టేస్తారు. మధులత అనే అమ్మాయి చెరకు మీద పరిశోధన చేసిందన్న గుర్తు కూడా ఎక్కడా ఉండదు.

మా ఇల్లు దువ్వాడలో. నాన్నది ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం, గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. అక్కణ్ణుంచి పద్మనాభానికి స్కూటీ మీద దాదాపు రెండు గంటలు. గాజువాకలో ఇనప చుట్టలు మోసే ట్రాలీల వెనక ఇరుక్కుంటే ముందుకీ పోలేం, పక్కకీ పోలేం. హెల్మెట్ లోపల నేను తిట్టిన తిట్లు ఆ డ్రైవర్లకి వినపడనందుకు దేవుడికి దణ్ణం పెట్టాలి.

పొలంలో కలుపు, నీరు, కాపలా అన్నీ వీర్రాజు గారి భార్య వరహాలమ్మ చూసేది. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఎవరు వచ్చినా మొదటి మాట "తిన్నావా" అనే మనిషి. తిన్నానంటే నమ్మదు. గిన్నెలో ఏదో ఒకటి పెట్టి చేతికిచ్చి, అది అయ్యేదాకా ఎదురుగా కూర్చుంటుంది. అలాంటి మనిషికి పస్తు మడుల కాపలా అప్పజెప్పిన తెలివి నాది.

మూడు రకాల్లో రెండు మా పరిశోధన కేంద్రం కొత్తగా తయారుచేసినవి. వాటికి పేర్లు లేవు, అంకెలే. మూడోది నల్లకణుపు, ఇక్కడి రైతులు ఎప్పట్నుంచో వేస్తున్న పాత రకం. కొత్తవాటిని దేంతోనైనా పోల్చాలి కదా, అందుకు పెట్టాం. ఆ ముచ్చెలు వరహాలమ్మ పుట్టింటి నుంచి వచ్చాయి. ఆనందపురం అవతల ఆమె తమ్ముడు ఎల్లారావు తోటలోవి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

ఫిబ్రవరిలో నాటాం. నలభయ్యైదో రోజున ఒకసారి, తొంభయ్యో రోజున ఒకసారి నేనే స్వయంగా తూకం వేసి, ఏ మడికెంతో అంత యూరియా వేసి వచ్చాను. మిగిలింది వాళ్ళ వసారాలో పెట్టాను.

జూన్ ఆఖర్లో పిలకలు లెక్కపెట్టినప్పుడు నా కళ్ళని నేను నమ్మలేదు. కొత్త రకాలు రెండూ సున్నా మడుల్లో పాలిపోయి, మోకాలెత్తుకి వచ్చి ఆగిపోయాయి. నల్లకణుపు మాత్రం సున్నా మడిలో కూడా నిండు మోతాదు వేసిన మడితో సమానంగా నిలబడింది. ఒక చోట కాదు, మూడు చోట్లా. రెండోసారి లెక్కపెట్టాను. అదే అంకె. అక్కడే గట్టు మీద కూర్చుని మా గైడు కుసుమకుమారి మేడంకి ఫోన్ చేశాను.

మేడం మర్నాడే జీపేసుకుని వచ్చారు. మడి చుట్టూ రెండుసార్లు తిరిగారు. "యూరియా లేకుండా పండే రకం మన ముక్కు కిందే ఉంటే ఇన్నాళ్ళూ ఎవరూ చూళ్ళేదు మధూ. నీ పంట పండింది" అన్నారు. ఆ వారంలోనే ఒక సదస్సుకి వ్యాసం సారాంశం పంపేశారు. నాకు ఎంత ఆనందమేసిందంటే, ఆ సాయంత్రం గాజువాకలో ట్రాలీ వెనక ముప్పావుగంట ఆగినా ఎవర్నీ తిట్టలేదు.

సెప్టెంబరులో జడచుట్టు వేస్తున్నాం. గాలికి గెడలు పడిపోకుండా వాటి ఎండాకులతోనే రెండేసి వరసల్ని కలిపి జడలా ముడేస్తారు. వరహాలమ్మా నేనూ ఎదురెదురుగా ఉన్నాం.

"పాపా, నీకో మాట సెప్తాను. కోప్పడవు కదా?"

"చెప్పు పిన్నీ."

"మన నల్లకణుపుకి నాను పిండెట్టీసాను."

ఇక్కడ ఎరువుని పిండి అంటారు. అది నాకు బాగా తెలుసు. అయినా "ఏం పిండి?" అని అడిగాను.

"యూరియా పిండే. వసారాలో ఉండిపోనాది కదా. నువ్వు మిగతా ఆటికి ఏసిన పది రోజులకి, నువ్వు రాని పూట సూసి, దీనికీ మొదళ్ళలో కాసింత కాసింత ఏసి మట్టి కప్పీసాను. రెండు మాట్లు."

"మూడు మడులకీనా?"

"మూడిటికీని. దాని కణుపు నాకు తెల్దేటి? నువ్వు ఎక్కడ దాసినా పోల్చీగలను."

"మరి ఆ కొత్త రకాలకో?"

"ఆ ఆఫీసు సెరుకుతో నాకేటి పని? నా పుట్టింటి సెరుకు పాలిపోయి నిలబడితే, పక్కన అవి తెగ బలిసిపోయి దీన్ని ఎక్కిరిస్తన్నట్టుండేవి. సూళ్ళేకపోనాను. కడుపు మాడ్సుకుని పరీచ్చ రాయమంటారేటి ఎవులైనా?"

కోపంతో చేతిలోని జడముడి వదిలేశాను. పక్క మడిలో ఆమె చెరకుని ఎక్కిరించే బలిసిన చెరకు ఎందుకు బలిసిందో, దీన్ని ఎందుకు పస్తు పెట్టామో, నాటిన రోజు గంటసేపు వివరించాను. అప్పుడు తల ఊపింది. తిన్నానని చెప్పినా అలాగే తల ఊపి అన్నం పెట్టేస్తుంది.

"నా కొంప ముంచావు పిన్నీ" అన్నాను చివరికి.

"గుప్పెడు పిండికే?"

ఆ మూడు మడుల్నీ లెక్కలోంచి తీసేస్తే పోల్చడానికి పాత రకం ఉండదు. అది లేకపోతే థీసిస్సే లేదు. ఉంచితే అబద్ధం. మళ్ళీ వేద్దామంటే ఏడాది కావాలి, నాకు అయిదు నెలలే ఉన్నాయి. ఎటు తిరిగినా గోడే. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గే. వరహాలమ్మ చెయ్యి పట్టుకుని నా నెత్తిన పెట్టుకున్నాను.

"ఇది ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టెయ్యి."

ఆమె చెయ్యి లాక్కోబోయింది. "ఒద్దు పాపా. మాట తప్పితే నీకే కదమ్మా సెడ్డ."

"అందుకే వెయ్యమంటున్నాను."

వేసింది.

అక్టోబరులో ఒకరోజు ధైర్యం కూడగట్టుకుని మేడం గదికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, ఆఖరి గడువు కోసం కమిటీలో నా తరఫున ఎంత పోట్లాడారో, ఎవరు ఏమన్నారో, ఆవిడ ఏమని నోరు మూయించారో పూసగుచ్చినట్టు చెప్పారు. తర్వాత "ఏదో చెప్పాలన్నావు?" అన్నారు.

"ఏం లేదు మేడం. రసం పరీక్షకి సీసాలు చాలట్లేదు."

డజను సీసాలు ఇప్పించారు. అవి సంచీలో గలగలలాడుతుంటే దువ్వాడ వెళ్ళాను.

ఆ తర్వాత పొలానికి వెళ్ళడమంటే జైలుకి వెళ్ళినట్టే ఉండేది. గెడలు నెత్తి దాటి పెరిగిపోయాయి, మధ్యలో నిలబడితే ఆకాశం తప్ప ఏమీ కనిపించదు, ఆకు అంచులు చేతులు కోసేస్తాయి. ఊపిరాడేది కాదు. వరహాలమ్మ కూడా మారిపోయింది. నన్ను చూడగానే తిన్నావా అనడం మానేసి "తలకాయ నొప్పేటి నేదు కదా" అని అడిగేది. డిసెంబరులో నాకు జ్వరం వచ్చి వారం రోజులు ఇంట్లో పడుకుంటే రోజూ ఫోను. "నానెవులికీ సెప్పనేదు పాపా. మొగుడికి కూడా సెప్పనేదు. మనసులో అనుకున్నాను, అంతే. దానికే ఒచ్చిందంటావా?" అంది. లేదన్నాను. నమ్మలేదు.

జనవరిలో, చెరకు కొట్టే ముందు, మేడం పొలం దగ్గరే రైతుల సభ పెట్టించారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. నల్లకణుపు సున్నా మడి ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వందమంది దాకా వచ్చారు. వీర్రాజు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, "మా ఆడది కళ్ళల్లో ఒత్తులేసుకుని కాసింది బావా ఈ మళ్ళని. ఒక్క గింజ పడనివ్వనేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నారు. ఆయన పక్కన వరహాలమ్మ తలవంచుకుని నిలబడింది.

మేడం మాట్లాడి, వరహాలమ్మని పిలిచి మైకు ఇచ్చారు. "సెరుకు బాగానే ఉంది" అని మైకు ఇచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు మూడో వరసలోంచి వరహాలమ్మ తమ్ముడు లేచాడు. ఎల్లారావు. "అప్పా, ఆల్ల మాటొద్దు, నువ్వు సెప్పు. ఈ ఏడు కౌలుకి తీసుకుని మరీ రెండెకరాలు మన నల్లకణుపే ఏత్తన్నాను. పిండి ఎయ్యాలా, మానీమంటావా?"

వరహాలమ్మ నోరు తెరిచింది. తమ్ముడి ముఖం చూసింది. నా ముఖం కూడా కాదు, నా నెత్తి వైపు చూసింది.

"పాపనడుగు" అంది.

ఎల్లారావు నా వైపు తిరిగాడు. ఇలాంటప్పుడు తప్పించుకోడానికి మా వాళ్ళందరికీ ఒక వాక్యం ఉంది, మరింత లోతైన పరిశోధన అవసరమని. అది నా నాలుక చివర దాకా వచ్చింది. కానీ ఆయన చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా, నేనేం చెబితే అది చేయడానికి నిలబడి ఉన్నాడు. రెండెకరాలూ పాలిపోయి మోకాలెత్తులో ఆగిపోవడం నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"వెయ్యండి. పూర్తిగా వెయ్యండి" అన్నాను. "ఈ సున్నా మడులకి యూరియా పడింది. రెండుసార్లు పడింది. అందుకే ఇలా పెరిగింది."

మైకు అవసరం లేకుండానే అందరికీ వినపడింది. మేడం ముఖంలో రక్తం లేదు. నిజం చెప్పేస్తే తేలికవుతుందని ఎవరంటారో గానీ, నాకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. అంతటితో అయిపోయిందనుకున్నాను. నిజానికి ఇంకో ప్రశ్న ఉంటుందని నాకు తట్టనే లేదు.

"ఎవులేసారు?" అన్నారు వీర్రాజు గారు.

వందమంది ఎదురుచూస్తున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా, పొద్దుట్నుంచీ ఆయన చెప్పుకున్న మాటలు, పక్కన వరహాలమ్మ. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఒట్టు తప్పితే నేను చచ్చిపోతానని నిజంగానే నమ్ముతోంది.

"నేనే వేశాను" అన్నాను.

మేడం తన కాగితాలు సర్దుకుని జీపెక్కారు. పంట పాడైందంటే పాపం అంటారు. లెక్కలు దొంగవని తేలితే ఇంకెక్కడా చేర్చుకోరు. అయిదేళ్ళు అయిపోయాయి. ఫ్లెక్సీ విప్పుతున్నారు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఎల్లారావు వచ్చి, మరి ఎకరానికి ఎంత వెయ్యమంటారని అడిగాడు. రెండు బస్తాల పైచిలుకు, సగం నలభయ్యైదో రోజున, సగం తొంభయ్యో రోజున అని చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుని వెళ్ళాడు.

అందరూ వెళ్ళాక వరహాలమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఒట్టు తీసీ పాపా. ఇప్పుడే ఎల్లి మీ మేడంగోరి కాళ్ళట్టుకుని సెప్పీస్తాను. ఊరందరికీ సెప్పీస్తాను. నాకు ముద్ద దిగడం నేదు. తీసీ తల్లీ."

తియ్యలేదు. తీస్తే వీర్రాజు గారి పరువు పోయి ఆ ఇంట్లో ఆమెకి ఏం జరుగుతుందో నాకు తెలుసు, నాలుగు నెలలు దాచినది నేనేనని కూడా తెలుసు. ఆమె మీద జాలితోనే తియ్యలేదని మా అమ్మకి చెప్పాను. నిజానికి కోపంతో కూడా తియ్యలేదు.