బావ నాటిన నీడ

మా అక్కావాళ్ళ లాండ్రీకి బట్టలారబెట్టే డీజిల్ డ్రమ్ము వచ్చిన రోజే బావకి చెట్ల పిచ్చి పట్టుకుంది. డ్రమ్ము తిప్పగానే గొట్టంలోంచి నల్లటి పొగ లేచి తిన్నగా ఎదురింటి మామ్మగారి కిటికీలోకి వెళ్ళింది. ఆవిడ ముక్కు మూసుకుని కేకలేసింది.

"కంగారు పడకండి మామ్మగారూ! పొగకి సరిపడా చెట్లు నాటేస్తాను. లెక్క చెల్లు!" అన్నాడు బావ.

అన్నాడంటే చేసేస్తాడు. పెరట్లో దండేల చుట్టూ మల్బరీ మొక్కలు నాటాడు. అవి గబగబా ఎదుగుతాయని నర్సరీవాడు చెప్పాడట. నిజంగానే మూడేళ్ళు తిరిగేసరికి గొడుగుల్లా కమ్ముకున్నాయి. చూడటానికి ఎంత ముచ్చటగా ఉండేవో!

చిక్కల్లా ఎండతోనే. ఒకప్పుడు మధ్యాహ్నానికే పెళపెళలాడే దుప్పట్లు ఇప్పుడు పొద్దుగూకినా చెమ్మగానే ఉండేవి. అందుకని డ్రమ్ము ఇంకాసేపు తిప్పాలి. ఇంకాస్త పొగ. ఇంకో మొక్క. ఇంకాస్త నీడ. ఆపైన పిట్టలు! అవి కడుపునిండా పండ్లు తిని, తెల్లటి దుప్పట్ల మీద ఊదారంగు సంతకాలు పెట్టిపోయేవి. మళ్ళీ ఉతుకు, మళ్ళీ డ్రమ్ము, మళ్ళీ మొక్క. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఇదంతా చూస్తూ, నవ్వు బయటపడకుండా దిండు గలీబు మూతికి అడ్డం పెట్టుకునేదాన్ని.

అక్కకి మాత్రం నవ్వు రావడం లేదు. ఆ దుప్పట్లు హోటలువి. చెప్పులరిగేలా తిరిగి తను సంపాదించుకున్న పని అది. "ఇంకోసారి మచ్చ కనబడినా, ఆలస్యమైనా వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం" అని మేనేజరు తెగేసి చెప్పాడు.

సరిగ్గా ఆ మర్నాడే, హోటల్ దుప్పట్లన్నీ గంపల్లో తడిగా ఉండగా, డ్రమ్ము ఓ మూలుగు మూలిగి ఆగిపోయింది.

"ఏమండీ, సాయంత్రం వాళ్ళ బండి వస్తుంది. ఇప్పుడెలా?" అంది అక్క.

బావ పెరటి వైపు చూశాడు. అరచేయంత ఎండ కూడా లేదు. "చెట్లు..." అన్నాడు.

"ఆ, చెట్లే! కాస్త ఊది ఆరబెట్టమనండి!"

"వీధిలో బోలెడంత ఎండ ఉందక్కా" అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. తర్వాత ముగ్గురం పరుగే పరుగు. బావ తాడు పట్టుకుని మామ్మగారి తలుపు కొట్టాడు.

"పొగ పంపావు. ఇప్పుడు దుప్పట్లు కూడానా?" అంటూనే ఆవిడ తాడు కొస లాక్కుని తన కిటికీ ఊచలకి బిగించేసింది. కాసేపటికి వీధంతా తెరచాపలే! సైకిళ్ళవాళ్ళు తలలు వంచి దూరిపోతున్నారు. గాలి విసిరితే ఓ దుప్పటి బావని చుట్టేసింది. "ఏమేవ్, నేనెక్కడున్నానే?" అని లోపల్నించి కేక. అక్క పడీ పడీ నవ్వింది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు.

దుప్పట్లు దాదాపు ఆరిపోయాయి. అప్పుడొచ్చాడు మెకానిక్. డ్రమ్ముకి ఏదో బిగించి, "ఓసారి తిప్పి చూపిస్తాను సార్" అంటూ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఆపవయ్యా బాబూ!" బావ ఒక్క గెంతులో లోపలికొచ్చాడు. "పొగంతా దుప్పట్లకి పట్టేస్తుంది!"

"అదేంటి సార్? అన్ని చెట్లున్నాయి, పీల్చుకోవూ?"

వీధి వీధంతా గొల్లుమంది. బావ మొహం మల్బరీ పండులా కందిపోయింది. చివరికి తనూ నవ్వేశాడు.

సాయంత్రం మేనేజరు ఓ దుప్పటి మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇవాళ ఏం సబ్బు వాడారు?"

"ఎండండీ" అంది అక్క. మర్నాటి మూటలు కూడా దింపించి వెళ్ళాడు.

బావ తాడు చుడుతూ కిటికీ కింద ఆగాడు. "మామ్మగారూ, రేపు కూడా కట్టుకోవచ్చా?"

"ఆ డ్రమ్ము అమ్మేస్తే రోజూ కట్టుకో."

"మరి చెట్లు?"

"పాపం, అవేం చేశాయయ్యా? నువ్వు చెయ్యాల్సిన పని వాటి నెత్తిన పెట్టావు గానీ! ఉండనీ. పండ్లు మాత్రం నాకు పంపించు."

అక్క అప్పటికే గిన్నె పట్టుకుని చెట్టు కింద ఉంది.