ఎవరి తల్లి?

మధ్యాహ్న భోజనానికి మజ్జిగ జావ, ఉడికించిన బంగాళాదుంపలు వడ్డించారు. ఒక సిస్టర్ నిలబడి పునీతుల చరిత్ర చదువుతుంటే మిగతా కన్యస్త్రీలు తలలు వంచుకుని మాటా పలుకూ లేకుండా తింటున్నారు. మఠం పెద్ద మదర్ లుట్‌గార్ట్ చెక్కసుత్తితో బల్ల మీద తట్టింది. చదివే గొంతు ఆగింది.

"మనలో ఒకరి తల్లి కన్నుమూసింది. అందరం ప్రార్థిద్దాం."

ఎవరి తల్లో చెప్పలేదు. ఆ మఠంలో అదే ఆచారం. లోకాన్ని వదిలి వచ్చినవాళ్లకు నీ తల్లి, నా తల్లి అన్న తేడా ఉండకూడదట. అంత పెద్ద మాట చెప్పి మదర్ బంగాళాదుంపకు ఉప్పు అద్దుకుంది.

సిస్టర్ గొడెలీవ్ చెంచా కింద పెట్టేసింది. ఊళ్లో ఆమె తల్లి చలికాలం నుంచీ మంచాన ఉంది. ఈస్టర్ పండుగ ముందు ఈ ఉపవాసాల రోజుల్లో మఠంలో ఎవరికీ ఉత్తరాలు ఇవ్వరు.

భోజనం తర్వాత, గుడి పూజలో పంచే పల్చటి అప్పాలు కాల్చే గదిలో, అందరిలోకి చిన్నదైన సిస్టర్ రైన్‌హిల్డ్ కూనిరాగం తీస్తూ అప్పాల అంచులు కత్తిరిస్తోంది.

"మా అమ్మకేం, గుర్రంలా ఉంటుంది. పాపం, ఎవరమ్మో!" అంది.

గొడెలీవ్ పట్టుకున్న ఇనప అచ్చులో అప్పం మాడింది.

"చూసుకోవే తల్లీ! ఆ బొగ్గుముక్క ఫాదర్‌గారి నోట్లో పెడతావా?" అంది ముసలి సిస్టర్ వాల్‌బుర్గ.

"అక్కా, మా అమ్మేనంటావా?"

"నన్నడిగితే ఏం లాభం? మదర్‌ని అడుగు."

"అడగకూడదుగా."

"ఆవిడ తమ్ముడు, ఆ నోటరీ, పోయినప్పుడు గుడంతా నల్లగుడ్డలు కట్టించింది. పేరెత్తి పాటలతో పెద్ద పూజ పెట్టించింది. అప్పుడు 'మనలో ఒకరి తమ్ముడు' అందా? వైరాగ్యమంతా పాలు పితికేవాళ్ల కూతుళ్లకేనే!"

సాయంత్రం రొట్టెల దగ్గర గొడెలీవ్ లేచి నిలబడింది.

"మదరమ్మగారూ, పోయింది ఎవరి తల్లి?"

"కూర్చో. ఇక్కడ అందరి తల్లీ ఒకటే."

"మరి మీ తమ్ముడికి పేరెందుకుంది?"

మదర్ ముఖం కందగడ్డయింది. "రైన్‌హిల్డ్ తల్లి" అంది, ఎవరివైపూ చూడకుండా.

రైన్‌హిల్డ్ నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు?"

"సోమవారం."

"మట్టి చేశారా?"

"నిన్న."

ఆ పిల్ల ఏడవలేదు. "నేను మధ్యాహ్నం పాట పాడానే" అంది మెల్లగా.

గొడెలీవ్ మనసులో ముందు పుట్టింది 'హమ్మయ్య' అన్న మాట. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. రైన్‌హిల్డ్ పాదాల దగ్గర కూలబడింది.

"క్షమించవే. వేరే ఎవరి తల్లయినా కావాలని మధ్యాహ్నం నుంచీ దేవుణ్ణి వేడుకున్నాను."

"నేనూ" అంది ఒక గొంతు. "నేనూ" అంది ఇంకొకటి.

వాల్‌బుర్గ కర్ర ఊతంతో లేచి మదర్ ఎదుటికి నడిచింది.

"విన్నారా మదరమ్మా, మీ ఆచారం నేర్పిన భక్తి? అందరూ ఒక తల్లి కోసం ఏడుస్తారనుకున్నారు. ప్రతి ఒక్కతీ పక్కదాని తల్లి చావు కోరుకుంది. శిలువ మీద ప్రాణం పోతున్నా ప్రభువు తన తల్లి గతేమిటని చూశాడు. మీరు ఆయనకంటే గొప్ప సన్యాసులా? కన్నతల్లి చావును బిడ్డకు దాచిపెట్టేది వైరాగ్యం కాదు, రాతిగుండె. దానికి దేవుడి పేరు పెట్టకండి."