తీసి పెట్టుకునే కడప

సైదులు ఏ జాగాను చూసినా ముందు ట్రేలలో కొలుస్తాడు. పెళ్ళికి పోతే ఇది ఎనిమిది వేల ట్రేల హాలు అనుకుంటాడు. మెట్రో ఎక్కితే, ఈ జనాన్ని దించేస్తే పెట్టెకు నాలుగు వందలు పడతాయి అనుకుంటాడు. ముప్పై ఏళ్ళు మామిడికాయల వ్యాపారం చేసిన కంటికి వేరే కొలబద్ద అలవాటు కాలేదు. అందుకే కొత్తపేట రైతుబజారు వెనక సందులో ఉన్న తన గోదామును ఇల్లుగా మారుద్దామన్న మాట వచ్చినప్పుడు ఆయన వేసిన మొదటి లెక్క ఇది: పన్నెండు వందల ట్రేలు పట్టిన జాగాలో నలుగురు మనుషులు పట్టరా?

పడతారు. ఉంటారా అన్నది ఆ లెక్కలో లేదు.

నలుగురంటే సైదులు, భార్య పెంటమ్మ, కొడుకు శేఖర్, కోడలు గీత. మన్సూరాబాద్‌లో వాళ్ళున్న కిరాయి ఇంటిని ఓనరు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టబోతున్నాడు. రెండు నెలల్లో ఖాళీ చేయాలి. పండ్ల మార్కెట్ ఊరి బయటికి తరలిపోయాక సైదులు వ్యాపారం ఫోన్ మీదికి మారింది. తోటలో తెంపిన కాయ నేరుగా దుకాణాలకు పోతోంది. గోదాముకు తాళం పడి మూడేళ్ళయింది. సొంత జాగా ఖాళీగా పెట్టుకుని ఇంకొకరికి కిరాయి కట్టడమేమిటని ఆయనకే అనిపించింది.

గీత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. ఆమె మాట కూడా లెక్కలాగే ఉంటుంది. ఎక్కువ తక్కువలు ఉండవు.

"మామయ్యా, ఇల్లు అయితే నలుగురం కలిసి ఉందం. నాకు గుడ ఇష్టమే. గోదామే అయితే మాత్రం మేమిద్దరం ఇక్కడ్నే చిన్న ఫ్లాట్ ఒకటి చూసినం, అండ్లకు పోతం. ఆదివారం ఆదివారం ఒచ్చి కలుస్తం."

"ఇల్లే చేస్తున్న గదా బిడ్డా," అన్నాడు సైదులు.

"చెయ్యున్రి. చూస్తం."

శేఖర్ ఎల్బీనగర్‌లో స్కానింగ్ సెంటర్లో పనిచేస్తాడు. మనుషుల లోపల ఏముందో మిషన్ చెబితే తప్ప తాను చెప్పడు. అప్పుడూ అంతే. భార్య మాటే తన మాట అన్నట్టు పళ్ళెంలో అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. సైదులు ఆ పళ్ళెం వైపు చూశాడు. మాపటి అన్నానికి నలుగురూ ఒక్కచోట కూర్చోవడం ఆయనకున్న ఒకే ఒక్క విలాసం. అది ఆదివారానికి ఒకసారి అయితే ఆరు రోజుల నష్టం. ఏ లెక్కలోనూ ఆ నష్టం పూడదు.

మర్నాడే పని మొదలుపెట్టాడు.

ప్లాను గీసింది శ్రీరామమూర్తి. కాకినాడ మనిషి. సర్కారు కొలువులో ముప్పై ఏళ్ళు నక్షాలు గీసి రిటైరై అదే సందు చివర ఇల్లు కట్టుకున్నాడు. టేపు పట్టుకుని గోదామంతా తిరిగి, గోడల వైపు చూసి, "సైదులు గారూ, మీ గోదాముకి కిటికీలేవీ లేవేమిటండీ?" అన్నాడు.

"కాయ మాగేది గాలి తగిలితే కాదు సారూ. ఉడుకుండాలె. కొడుకు లెక్క దాచిపెట్టాలె."

"కాయకి బానే ఉంటుందండీ. ఇప్పుడు మాగేది మీరు."

సైదులు నవ్వాడు. కిటికీలకు ఒప్పుకున్నాడు. తూర్పున రెండు, దక్షిణాన రెండు. రేకుల కింద చల్లదనానికి సీలింగు, వెనక వంటిల్లు, పక్కన పడుకోవడానికి రెండు అర్రలు, అన్నిటికీ ఒప్పుకున్నాడు. గోడలు కూలుస్తుంటే వరిగడ్డి వాసన, పాత మామిడి రసం వాసన ఇటుకల్లోంచి బయటికి వచ్చాయి. మేస్త్రీలకు మధ్యాహ్నం అన్నం తినకముందే ఆకలి వేసేది.

ఒక్క దగ్గర మాత్రం ఆయన మొండికేశాడు. ముందు షట్టరు తీసేసి దర్వాజ పెట్టడానికి సరేనన్నాడు గానీ, దానికి కడప వద్దన్నాడు.

"సారూ, కాగితం మీద కడప గీయకున్రి."

శ్రీరామమూర్తి పెన్సిలు ఆపాడు. "కడపా? ఇళ్ళలో జిల్లాలు గీసే అలవాటు నాకు లేదండీ."

"అదే సారూ, మీరు గడప అంటరు గదా. గదే."

"గడప లేని ఇల్లా? ఆడవాళ్ళు ఊరుకుంటారా?"

సైదులు చెప్పుతో నేలను రుద్దాడు. ఆ గచ్చు ఆయన ఈ వ్యాపారంలో గెలిచిన మొదటి గెలుపు. పాతికేళ్ళ కిందట మార్కెట్లో అందరి గోదాముల్లోనూ బండలు పరిచి ఉండేవి. బండకూ బండకూ నడుమ ట్రాలీ చక్రం తట్టుకునేది, పైవరస కాయలు దొర్లి దెబ్బతినేవి. దెబ్బతిన్న కాయ మాగదు, కుళ్ళుతుంది. సైదులు ఒక్కడే జానెడు మందాన కాంక్రీటు పోయించి, రోడ్డు నుంచి వెనక గోడ దాకా గాజుపలకలా సాఫు చేయించాడు. నలభై ట్రేల ట్రాలీని ఒక్క చేత్తో తోస్తే లోపలికి పోయేది. దానికి అడ్డంగా ఒక కొయ్య పెట్టడమంటే గోదాము పని అయిపోయిందని ఒప్పుకోవడమే.

పైగా ఇంకో సంగతి ఉంది. అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చలికాలంలో ఒక కొరియర్ కంపెనీ మనిషి వచ్చి గోదాము చూసి పోయాడు. నేల మీద కాలు పెట్టి, "ఇలాంటి ఫ్లోరు ఈ ఏరియాలో లేదు సార్. ఎప్పుడు కిరాయికి ఇద్దామనుకున్నా నాకే చెప్పండి" అని నంబరు ఇచ్చి పోయాడు. సైదులు ఆ నంబరు దాచుకున్నాడు. రేపు పిల్లలకు ఈ ఇల్లు నచ్చకపోతే? కాయ మాగకపోతే పచ్చడికైనా అమ్మాలి. వ్యాపారస్థుడు రెండో దారి చూసుకోకుండా మొదటి దారిన పోడు.

పెంటమ్మ మాత్రం మొదటి రోజే అడిగింది.

"కడప ఏదయ్యా?"

"అందరు కాలు తట్టుకుంటున్నరని కొత్త ఇండ్లల్ల పెడ్తలేరు."

"ఏ కొత్త ఇండ్లల్ల? నేను చూస్తలేనా? శుక్రవారం పసుపు యాడ పుయ్యాలె, నీ నెత్తికా?"

సైదులు రెండు రోజులు ఆలోచించి, వడ్రంగి సీతారాములును పక్కకు పిలిచాడు. సీతారాములు ఒకప్పుడు ఆయనకు మామిడి పెట్టెలు కొట్టిచ్చినవాడే.

"కడప చెయ్. మంచి టేకు. కని దర్వాజకు కలపకు. రెండు దిక్కుల గాడి కొట్టు. పైకెళ్ళి దించితె కూసోవాలె, ఎత్తితె రావాలె."

సీతారాములు గడ్డం గోక్కున్నాడు. "తీసి పెట్టుకునే కడపనా సేటూ? గిట్లాంటిది నేను పుట్టి చెయ్యలే."

"ఇప్పుడు చెయ్యి."

"పెంటమ్మక్కకు ఎరుకైతె?"

"ఎందుకు ఎరుకైతది? చూస్తే అన్ని కడపల లెక్కనే ఉంటది గదా."

నిజంగానే అలాగే ఉంది. సీతారాములు పనిమంతుడు. గాడిలో కూర్చున్న టేకు కడప దర్వాజతో పాటు పుట్టినట్టే కనిపించింది. సైదులు తనలో తాను మెచ్చుకున్నాడు. పెంటమ్మకు కడప ఉంటుంది, ట్రాలీకి దారి ఉంటుంది. ఒకే కాయను ఇద్దరికి అమ్మి ఇద్దరి చేతా శభాష్ అనిపించుకున్నట్టు.

ఆయన మరిచిపోయింది ఒక్కటే. ముప్పై ఏళ్ళు షట్టర్ల కింద బతికినవాడు కడప పైభాగాన్నే చూశాడు.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు కడప పూజకు ముహూర్తం. పంతులు వచ్చాడు, శ్రీరామమూర్తి పంచె కట్టుకుని వచ్చాడు. శేఖర్, గీత సెలవు పెట్టి వచ్చారు. మామిడాకుల తోరణం కట్టారు. పెంటమ్మ చేతిలో చిన్న గుడ్డమూట పట్టుకుని దర్వాజ ముందు కూర్చుంది. అందులో నవధాన్యాలు, పంచలోహం ముక్క, పసుపు కొమ్ము ఉన్నాయి. పంతులు మంత్రం చదివి, "అమ్మా, మూట గుంటలో వేయండి" అన్నాడు.

పెంటమ్మ కడప ఇటు చూసింది, అటు చూసింది.

"గుంత ఏది?"

సీతారాములు తోరణం వైపు చూశాడు. సైదులు పంతులు వైపు చూశాడు.

"గుంత ఏదయ్యా? కడప కింద ఇత్తులు పెట్టద్దా? నీళ్ళు పోస్తె మొలక ఒస్తది. అది లేంది ఇల్లెట్లైతది?"

గీత వంగి కడప మీద చెయ్యి పెట్టింది. ఒక పక్క కొంచెం కదిలినట్టు అనిపించిందేమో, రెండు చేతులతో పట్టి పైకి లాగింది. కడప మెత్తగా గాడిలోంచి బయటికి వచ్చింది. దాని కింద జానెడు మందం గచ్చు, ఒక్క గీరైనా పడకుండా నున్నగా మెరుస్తోంది. గీత కడపను గోడకు ఆనించి, చేతులు దులుపుకుంది.

"మామయ్యా, ఇది కడప గాదు. మూత."

శ్రీరామమూర్తి దగ్గాడు. "మా వైపు వరదలప్పుడు వీధి గుమ్మానికి ఇలాంటి పలకొకటి పెడతారండీ. వరద తగ్గాక తీసేస్తారు."

ఆ మాటతో పెంటమ్మకు మొత్తం అర్థమైంది. ఆమె అరవలేదు. మూట ముడి మళ్ళీ బిగించి కొంగులో పెట్టుకుంది. "ముప్పై ఏండ్లు నీ కాయలకు గడ్డి పరిచిన. నాకు పిడికెడు మన్ను తవ్వనీకె నీకు గుండె రాలే," అని లేచి లోపలికి పోయింది.

గీత గొంతు పెంచలేదు. "మీరు ఒక కాలు ఇంట్ల పెట్టిన్రు, ఒక కాలు గోదాంల పెట్టిన్రు. నడుమ మేము ఉండాలె. వద్దు మామయ్యా. ఆదివారం ఆ ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇచ్చొస్తం." కోపంతో అని ఉంటే సైదులు బేరమాడేవాడు. లెక్క తేలినట్టు అన్నది. దానిలో బేరానికి సందు దొరకలేదు.

పంతులు పంచాంగం మూసి, "ఆదివారం పది దాటాక ఇంకోటి ఉంది. ఆలోపు ఒక మాట మీదకి రండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దంతా సైదులు ఆ ఖాళీ దర్వాజ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొరియర్ కంపెనీవాడు ఇచ్చే కిరాయి ఒక పక్కన పెట్టాడు. రెండో పక్కన పెట్టడానికి ఏముందో వెతికాడు. నాలుగు పళ్ళేలు కనిపించాయి. వాటికి ధర కట్టడం రాలేదు. ధర కట్టలేని సరుకును ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు.

మధ్యాహ్నానికి ఆయనకు తన పనే గుర్తుకొచ్చింది. కొత్త వ్యాపారులు ఒక తప్పు చేసేవారు. కాయను గడ్డిలో పెట్టి, రెండో రోజు రేటు పెరిగిందనగానే బయటికి తీసేవారు. రేటు పడిపోగానే మళ్ళీ గడ్డిలో పెట్టేవారు. అలా రెండుసార్లు గాలి తగిలిన కాయ తోలు ముడుచుకునేది, లోపల పులుపు చచ్చేది కాదు. పచ్చడికీ పనికిరాదు, పండుగానూ పనికిరాదు. వాళ్ళను చూసి సైదులు నవ్వేవాడు. పెట్టినవాడివి పెట్టినట్టు ఉండరాదా అనేవాడు. ఇప్పుడు గోడకు ఆనించి ఉన్న కొయ్యను చూసి నవ్వు రాలేదు.

ఫోన్ తీసి డ్రిల్లు మిషన్ వాణ్ణి పిలిచాడు.

శనివారం పొద్దున మొదలైన పని సాయంత్రం దాకా సాగింది. మిషన్ దడదడలాడుతుంటే కొత్త కిటికీల అద్దాలు వణికాయి. డ్రిల్లువాడు రెండు మొనలు విరగ్గొట్టుకుని చెమట తుడుచుకున్నాడు.

"ఎవరు పోసిన్రు సేటూ ఈ గచ్చు? బండ కన్న గట్టిగున్నది."

"నేనే పోయించిన."

"ఎందుకు పగలగొడ్తున్నరు మరి?"

"అది తోపుడు బండ్లకు పోసింది," అన్నాడు సైదులు. "నువ్వు కొట్టు."

చివరి పెచ్చు లేచేసరికి కింద ఎర్రమట్టి కనబడింది. సీతారాములు గాడులు కొయ్య ముక్కలతో పూడ్చి మేకులు కొట్టాడు. కడపకు రెండు చివర్లా దర్వాజలోకి దిగేలా కుసులు చెక్కాడు. ఒకసారి దింపితే ఇక దర్వాజ కోస్తే తప్ప రాదు.

ఆదివారం తొమ్మిదిన్నరకు శేఖర్ బండి సందులోకి వచ్చింది. వెనక గీత ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కూర్చుంది. ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇవ్వడానికి పోతూ, అత్తమ్మ రమ్మన్నదని ఇక్కడికి వచ్చారు. శేఖర్ బండి ఆపకుండానే దర్వాజ వైపు చూసి, తర్వాత ఆపాడు. గీత దిగి గుంట దగ్గరకు వచ్చింది.

"ఎంత లోతు?"

"జానెడు గచ్చు. దాని కింద ఇంకో జానెడు మట్టి తీసిన."

ఆమె తన దగ్గర చదివే పిల్లలు చేసిన లెక్కను సరిచూసినట్టు గుంట ఇటు చివర నుంచి అటు చివర దాకా చూసింది. తర్వాత బ్యాగు తీసి శేఖర్ చేతికిచ్చింది.

"అత్తమ్మా, మూట తెచ్చుకున్నరా?"

పెంటమ్మ కొంగు ముడి విప్పింది. పంతులు ఇంకా రాలేదు. వచ్చేదాకా గుంట పక్కన ముగ్గు వేస్తూ అత్తాకోడళ్ళు ఏ అర్రకు ఏ రంగు పరదా కట్టాలో మాట్లాడుకున్నారు. సైదులును ఎవరూ అడగలేదు. ఆయన నీళ్ళ చెంబు పట్టుకుని, ఎప్పుడు పొయ్యమంటారా అని నిలబడ్డాడు.

మూడు వారాలకు ఇంట్లో చేరారు. చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం వీధి అరుగు మీద కూర్చున్న సైదులుకు లోపల ఫోన్ మోగుతున్నట్టు వినిపించింది. లేచి పరుగున లోపలికి పోబోయాడు. పాతికేళ్ళు సాఫు నేల మీద నడిచిన కాలు లేవలేదు. బొటనవేలు టేకు కడపకు తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వంటింట్లోంచి పెంటమ్మ తొంగి చూసింది. "కాలెత్తి నడువు. ఇల్లు ఇది."

సైదులు కడప మీదే కూలబడి వేలు పట్టుకున్నాడు. గీత ఫోన్ తెచ్చి చేతికిచ్చింది. కొరియర్ కంపెనీ మనిషి.

"సార్, గోదాము ఖాళీగానే ఉందా?"

"లేదు," అన్నాడు సైదులు వేలు ఊదుకుంటూ. "మనుషులున్నరు."