చూశాను అన్న మాట

ఇర్యా బంగాళాదుంపల తొక్క తీస్తోంది గానీ చెవులు మాత్రం వెనకగదిలోనే ఉన్నాయి. కాటా మీద మొగుడు టౌనో ఎక్కిన చప్పుడు, దిగిన చప్పుడు. తర్వాత మొద్దువేళ్లతో ఫోన్లో అంకెలు నొక్కుతున్న టకటక.

"ఎంత?"

"నిన్నటంతే."

నిన్నటంతే అంటే ఒంట్లో నీరు చేరలేదని. టౌనో గుండె బలహీనం. మొన్న చలికాలం రెండుసార్లు నీరు చేరి, ఊపిరాడక అంబులెన్సు ఎక్కాడు. మూడోసారి తట్టుకోలేడని డాక్టరు ఇర్యాకి చెప్పాడు. అందుకే రోజూ బరువు చూసి పంపమని ఆరోగ్యకేంద్రం నర్సు ఊనా అతని ఫోన్లో యాప్ పెట్టింది.

మొదటి వారమే మానేశాడు.

"కాటా ఎక్కితే 'అద్భుతం' అంటుంది. నక్షత్రం ఇస్తుంది. నేనేమన్నా పాలుతాగే పిల్లాడినా?"

"నలభై ఏళ్లు అడవిలో దుంగలు కోశావు. ఎలుగుబంటికి బెదరనివాడివి నక్షత్రానికి బెదిరావా?" అంది ఇర్యా.

లెహ్టోవారా ఊళ్లో కొత్త ఇల్లు కట్టినా, కొత్త కోడలొచ్చినా "ఫర్వాలేదు" అంటారు. అంతకు మించితే వెక్కిరించినట్టే. ఆ సంగతి యాప్ చేసినవాళ్లకేం తెలుసు? ఇర్యా ఫోన్ చేసి చెబితే ఊనా నక్షత్రాలు తీసేయించింది. రోజూ పొద్దున్నే తనే ఒక్క మాట రాయడం మొదలుపెట్టింది: "చూశాను."

అప్పట్నించి నూటనలభై రోజులు. ఒక్కరోజూ తప్పలేదు.

ఇవాళ ఊనాయే ఇంటికొచ్చింది. కాఫీ తాగుతూ అడిగింది.

"ఇరవైఆరుగురికి ఇచ్చాం తాతా. పందొమ్మిదిమంది మానేశారు. మీరెందుకు మానలేదో మా పెద్దడాక్టరుకి చెప్పాలి."

"ఏమో."

"వచ్చే నెల నుంచి ఆ 'చూశాను' కూడా మెషీనే పంపుతుందంటున్నారు."

టౌనో కప్పు కింద పెట్టాడు. "మెషీను ఏం చూస్తుంది? అయితే మానేస్తాను."

ఇర్యా చేతిలో కత్తి ఆగిపోయింది.

ఊనా అతనన్న మాటని అలాగే కాగితం మీద రాసుకుంది. "ఇదే చెప్తాను. పెద్దడాక్టరు ఒప్పుకోకపోయినా మీకు రాసేది నేనే. సెలవుల్లో కూడా రాశాను కదా."

"నడివేసవి పండగనాడు పదిన్నరకి రాశావు. ఆలస్యం."

"పడవలో ఉన్నాను. సిగ్నల్ కోసం ఒడ్డు దాకా తెడ్డు వేసుకుంటూ వచ్చాను."

టౌనో లేచి బూట్లు తొడుక్కున్నాడు. పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

"కోపమొచ్చిందా ఆయనకి?" ఊనా గొంతు తగ్గించింది.

"కోపమా? ఉండు, నీకు తువ్వాలు తెస్తాను. శనివారం తప్ప మా ఇంట్లో ఆవిరిస్నానాల సౌనా వెలగడం నేనెరగను. ఇవాళ బుధవారం."

మొగుణ్ణి చూసి ఇంత గర్వం ఇర్యాకి ఈ నలభైయేడేళ్లలో ఎన్నడూ కలగలేదు. టౌనో టోపీ పెట్టుకుని, తలుపు తీసుకుని కట్టెల పాకవైపు వెళ్లిపోయాడు.